గడ్డి దూడ

గంగ చేపడం లేదు.

గౌరీశ్వరి పొదుగు పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపయింది. వేళ్ళకి నూనె రాసుకుంది. చన్నులు తడిపింది. బొటనవేలు మడిచి, పై నుంచి కిందికి, గేదెకి నొప్పి తెలియకుండా లాగింది. తపేలా అడుగు కూడా తడవలేదు. పాలు లేక కాదు. పొదుగు నిండుగా బిగిసిపోయి చేతికి వేడిగా తగులుతోంది. ఇవ్వనంటోంది, అంతే. దూడ వచ్చి మూతితో నాలుగు పోట్లు పొడిస్తే తప్ప గేదె పాలు కిందికి దించదు. ఆ దించడాన్నే చేపడం అంటారు. చేపు రాగానే దూడని లాగి గుంజకి కట్టేస్తారు. మిగతాదంతా మనిషి పిండుకుంటాడు. గౌరీశ్వరి అత్త ఇలాగే పిండింది. గౌరీశ్వరీ ఇలాగే పిండుతోంది.

ఇప్పుడు గుంజ ఉంది. పలుపు ఉంది. దూడ లేదు. మొన్న పొద్దున్న చచ్చిపోయింది.

గంగ మెడ తిప్పి పాక మూలకే చూస్తోంది. ఉండుండి గొంతులోంచి సన్నగా ఒక శబ్దం చేస్తోంది. అది అరుపు కాదు. దూరంగా ఉన్నదాన్ని పిలిచినట్టూ లేదు. పక్కనే పడుకున్న బిడ్డతో ఏదో చెబుతున్నట్టుంది.

పాక బయట రోజూ పాలు పోయించుకునే వాడిక వాళ్ళు క్యాన్లు పట్టుకుని నిలబడ్డారు. పెదగంట్యాడ అవతల, స్టీల్ ప్లాంటుకి ఊళ్ళిచ్చేసిన వాళ్ళ కాలనీ అది. తెల్లారేసరికి గోడల మీద, అరుగుల మీద, గేదె వీపు మీద కూడా సన్నటి నల్లదుమ్ము పడి ఉంటుంది. కామేశ్వరి క్యాను మూతతో టకటకా కొట్టింది. ఆమె మొగుడు ప్లాంటులో రిటైరై పక్కవీధిలో ఇల్లు కట్టుకున్నాడు. కృష్ణాజిల్లా వాళ్ళు.

"ఏమ్మా గౌరీశ్వరీ, ఇవాళన్నా పోస్తావా? మా ఆయన కాఫీ తాగందే మంచం దిగరు."

"దిగపోతే దిగొద్దనండమ్మా. మీకే సుకం."

బయట నవ్వులు వినిపించాయి. గౌరీశ్వరి నవ్వలేదు. వీధి చివర సైకిల్ బెల్లు మోగింది. ఆ వెనకే మొగుడు అప్పలసూరి గొంతు.

"ఓసే! సలమయ్య తెచ్చీసినాడే."

చలమయ్య పశువుల సంతల్లో తిరిగే మనిషి. సైకిలు వెనక గోనెలో చుట్టి కట్టినదాన్ని విప్పి, రెండు చేతులమీద ఎత్తి తెచ్చాడు. పాకలో గుంజ దగ్గర నిలబెట్టాడు. దూడే. కాళ్ళు మోకాళ్ళ దగ్గర తెగిపోయి, నాలుగు కర్రముక్కల మీద నిలబడింది. పొట్ట నిండా గడ్డి. పొట్ట కింద గోనెదారంతో పొడుగ్గా కుట్టు. కళ్ళున్న చోట తోలు దగ్గరికి లాగి ముడేశాడు. నుదుటి మీద తెల్లమచ్చ మాత్రం అలాగే ఉంది.

"ఉప్పూ పసుపూ గట్టిగా పట్టించీసినాను. కుళ్ళదు," అన్నాడు చలమయ్య. "ఈపు మీద ఉప్పునీళ్ళు జల్లమ్మా. ఆ రుసికి నాకుతాది. నాకిందంటే ఇంకేటి, సేపీసినట్టే."

గౌరీశ్వరి చెంబులో ఉప్పు కలిపి జల్లింది. చేతిని కొంగుకి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుంది. గంగ మొదట వెనక్కి జరిగింది. ముక్కులు విప్పి గాలి పీల్చింది. తర్వాత నెమ్మదిగా మెడ చాచి నుదుటి మీద మచ్చని నాకింది. చెవి నాకింది. వీపంతా, వెంట్రుక ఒకవైపే పడుకునేలా, శ్రద్ధగా నాకుతూ పోయింది. గొంతులో ఆ సన్నటి శబ్దం ఆగలేదు.

గౌరీశ్వరి చేతికింద పొదుగు మెత్తబడింది. చుయ్, చుయ్ మని తపేలాలో నురగ లేచింది. ఆమె నుదురు గేదె పొట్టకి ఆనించి, కళ్ళు మూసుకుని పిండుతోంది. చూడక్కర్లేదు. చేతులకి తెలుసు.

అప్పుడే మేడ మెట్లు దిగి కోడలు ఆశాజ్యోతి వచ్చింది. భుజానికి బ్యాగు, మెడలో కార్డు. సీతమ్మధారలో ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం ఆ పిల్లది. కొడుకు తిరుమలరావు ఇష్టపడి చేసుకున్నాడు, ఈ మధ్యనే. గోదావరి వాళ్ళు, ప్లాంటు టౌన్‌షిప్‌లో పెరిగింది. పాలు తాగదు, పెరుగు తినదు, నీసు ముట్టదు. నల్లటి టీ కాచుకుని తాగుతుంది. "మా గుంటకి పాలు పడవు" అని గౌరీశ్వరి వీధంతా చెప్పుకుంది. పడక కాదు, పశువుల మీద జాలితో మానేశానని ఆ పిల్ల చెప్పలేదు. కొత్త కాపురం కదా, ఊరుకుంది.

"అత్తయ్యా, అదేంటి?"

"దూడమ్మా."

"దూడ చచ్చిపోయిందన్నారుగా."

ఆశాజ్యోతి దగ్గరికి వచ్చి చూసింది. కుట్టు చూసింది. కళ్ళు లేని చోట చూసింది. గంగ నాలుక ఆ చోటనే తిరుగుతోంది.

"తోలొలిచి గడ్డి కూరారా? చంపింది చాల్లేదా? శవాన్ని చూపించి తల్లి దగ్గర పాలు దొంగతనం చేస్తున్నారా!" ఆ పిల్ల గొంతు వీధిలోకి వినిపించింది. "అది బిడ్డనుకుని నాకుతోందండీ! మీరూ ఒక తల్లేగా? మీ కొడుకు తోలొలిచి గడ్డి కూరి ఎవరైనా మీ ముందు నిలబెడితే? అప్పుడు కూడా ఇలాగే కూర్చుంటారా?"

క్యాన్ల చప్పుడు ఆగిపోయింది. గౌరీశ్వరి చేతులు మాత్రం ఆగలేదు. చేపు వచ్చినప్పుడు చెయ్యాపితే గేదె మళ్ళీ లాగేసుకుంటుంది. అందుకని ఆమె పిండుతూనే ఉంది. తపేలా నిండేదాకా, నుదురు ఎత్తకుండా పిండింది.

లేచేసరికి కోడలు లేదు. వాడిక వాళ్ళలో సగంమంది లేరు.

* * *

మర్నాడు కామేశ్వరి ఖాళీ చేతులతో వచ్చింది.

"ఏమనుకోకమ్మా. ఆ పాలు పొయ్యి మీద పెడుతుంటే ఆ దూడే కనపడుతోంది నాకు. పాపం తగులుతుందేమోనని భయం. ప్యాకెట్ పెట్టించుకున్నాం."

కామేశ్వరి తర్వాత ఇంకో ఇల్లు. ఆ తర్వాత ఆ వరసంతా. మూడో పూటకి కొట్టువాడు ప్యాకెట్లు ఇంకో పెట్టె ఎక్కువ దింపించుకున్నాడు. ప్యాకెట్ మీద పచ్చగడ్డి, నీలం ఆకాశం, మెళ్ళో గంట కట్టిన ఆవు బొమ్మ. ఆ బొమ్మ పక్కన దూడ లేదు. ఏదీ దూడ? ఎక్కడికి పోయింది? ఒక్కడైనా కొట్టువాణ్ణి అడిగాడా? అడగడు. పాపమంతా కళ్ళకెదురుగా కనపడే చేతికే పూసేసి, జనం హాయిగా కాఫీ తాగుతారు. వీధి పొడుగునా పాల వాసన అలాగే ఉంది. పిండిన మనిషి ఒక్కతే మాయమైంది, అంతే.

ఆశాజ్యోతి గడ్డి దూడని చూసిన రోజే టౌన్‌షిప్‌లో అమ్మావాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళిపోయింది. తిరుమలరావు పోర్టులో డ్యూటీ దిగి వచ్చి, గిన్నెలు తన్నినంత పనిచేశాడు.

"నువ్వేటన్నావే దాన్ని?"

"నానేటన్నేదురా. అదే అంది."

"ఏటంది?"

గౌరీశ్వరి చెప్పలేదు. వాడు అన్నం తిని, చొక్కా విప్పి, చాప మీద బోర్లా పడుకున్నాడు. పగటి ఎండ కిటికీలోంచి వాడి వీపు మీద పడింది. ఆమె గిన్నెలు తీయడానికి వచ్చి అక్కడే నిలబడిపోయింది. వాడి వీపు మీద, వెన్నుపూస పొడుగునా, చూసింది. ఏం చూస్తోందో తనకే తెలియడానికి కాస్త టైము పట్టింది. కుట్టు ఉందేమోనని చూస్తోంది.

"ఓరి నాయనో," అనుకుని బయటికొచ్చేసింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమెకి స్థిమితం లేదు. పిండడం అవగానే గడ్డి దూడని పాక మూలకి ఈడ్చి గోనె కప్పేది. మళ్ళీ వచ్చి చూస్తే గోనె జారి ఉండేది. గాలికే జారింది. సముద్రం గాలి ఎప్పుడూ కొడుతూనే ఉంటుంది అక్కడ. ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా జారిన ప్రతిసారీ మచ్చ ఉన్న మొహం గంగ వైపుకే తిరిగి కనపడేది. మధ్యాహ్నం వీధంతా సద్దుమణిగాక, తవుడు కలుపుతుంటే, వెనకనుంచి దూడ అరిచేది. పొట్ట ఖాళీగా ఉన్న దూడ అరుపు వేరు. అది సగంలో తెగిపోతుంది. ఆమె కుడితిలో చెయ్యి పెట్టి, కదలకుండా, ఇంకోసారి అరుస్తుందేమోనని వింటూ కూర్చునేది. కుడితి చల్లారిపోయేది.

గంగకి అలాంటి అనుమానాలేం లేవు. పొద్దున్నా సాయంత్రం బిడ్డ వస్తోంది, తను నాకుతోంది. నాకి నాకి వీపు మీద ఒకచోట వెంట్రుకలు ఊడి తోలు బయటపడింది.

"ఆదోరం ఎల్లాజీ వస్తాడు," అన్నాడు అప్పలసూరి ఒక సాయంత్రం, బీడీ ముట్టిస్తూ. ఎల్లాజీ పశువుల బేరగాడు.

"ఎందుకూ?"

"ఎందుకేటే? వాడిక పోయింది. బొమ్మ ఎన్నాళ్ళు పనిచేత్తాది? రెండో గేదె సుక్క ఎలాగూ సూలుతో ఉంది. దీన్ని ఇచ్చీసి, సుక్క ఈనినాక మళ్ళీ సూసుకుందారి."

"ఎల్లాజీ ఎక్కడికి తోల్తాడో తెల్దేటి నీకు?"

"తెల్సినోళ్ళు అడగరే."

లారీలో తలలు దగ్గరగా కట్టేసి, కాళ్ళు విరిగినా లేపడానికి తోకలు మెలిపెట్టుకుంటూ తోలతారు. అందరికీ తెలుసు. అందరికీ తెలిసినదాన్ని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. గడ్డి దూడని ఆమె ఒప్పుకున్నది అందుకే. చేపని గేదె లారీ ఎక్కుతుంది. చేపే గేదె పాకలో ఉంటుంది. ఈ ముక్క కోడలికి ఎవరు చెప్పాలి? చెప్పడానికి ఆ పిల్ల ఆగిందా?

* * *

మర్నాటి సాయంత్రం కుట్టు విడిపోయింది.

గౌరీశ్వరి పిండుతోంది. పాలు బాగానే దిగుతున్నాయి. అలవాటుగా వినపడే నాలుక చప్పుడు మారింది. గరగరమని, నమిలినట్టు. ఆమె నుదురు ఎత్తకూడదనుకుంది. ఎత్తింది.

నాకి నాకి గంగ పొట్ట కింద దారం తెంపేసింది. చీలికలోంచి గడ్డి బయటికొచ్చింది. ఎండుగడ్డి. గంగ తొట్టిలో వేసే గడ్డే. చలమయ్య ఈ పాకలోంచే ఓ మోపు తీసుకెళ్ళి కూరాడు. గంగ ఆ గడ్డి వాసన చూసింది. ఒక పోచ లాగింది. ఇంకో గుప్పెడు లాగింది. కళ్ళు సగం మూసి, ప్రశాంతంగా, బిడ్డ పొట్టలోంచి గడ్డి తీసుకుని నములుతోంది. నమలడం ఆపి నుదుటి మీద మచ్చని ఓసారి నాకింది. మళ్ళీ మూతి పొట్టలోకి పెట్టింది.

పాలు దిగుతూనే ఉన్నాయి.

గౌరీశ్వరి లేచింది. తపేలా తన్నుకుని పాలన్నీ పేడనీళ్ళలో కలిశాయి. గడ్డి దూడ చెవులు పట్టుకుని లాగింది. గంగ నోట్లో ఉన్న గడ్డి వదల్లేదు. కాసేపు ఇటు ఆమె, అటు గేదె, మధ్యలో ఆ తోలు. "ఒగ్గే! ఒగ్గీవే తల్లీ! తినకే!" అని ఆమె అరుస్తోంది. పొట్టలో గడ్డంతా ఊడి కుప్పగా పడింది. తోలు తేలికై చేతిలోకి వచ్చేసింది. దాన్ని పాక వెనక విసిరేసి, గోడకి చేరగిలబడి, చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉప్పు వాసన. పసుపు వాసన.

వెనక గంగ కింద పడ్డ గడ్డి కూడా తినేసింది.

ఆ తర్వాత గౌరీశ్వరి దాన్ని ముట్టలేదు. గంగ చేపలేదు. ఒక రోజు తిరిగేసరికి పొదుగు రాయైంది. ఎర్రగా కందిపోయి, చెయ్యేస్తే తన్నుతోంది. "మంచిది, ఎల్లాజీ వచ్చీదాకా ఊపిరుంటే సాలు," అని అప్పలసూరి చుట్టాలింటికి పని ఉందని వెళ్ళిపోయాడు. మనిషి చెడ్డవాడు కాదు. చూడలేడు.

* * *

శనివారం మధ్యాహ్నం ఆశాజ్యోతి వచ్చింది. మేడ ఎక్కలేదు. ఇంట్లోకి వెళ్ళలేదు. బ్యాగు గోడకి తగిలించి, పాకలోకి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. గౌరీశ్వరి వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి గంగ పొదుగుకి కాపడం పెడుతోంది. తల ఎత్తలేదు.

"మీ ఆయన డూటీకెళ్ళినాడు," అంది.

"మీ కోసమే వచ్చాను అత్తయ్యా."

"ఎందుకమ్మా? ఇంకేటైనా మిగిలిపోయిందేటి, అనాల్సింది?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. గౌరీశ్వరి గుడ్డ పిండి మళ్ళీ పెట్టింది. గంగ కాలెత్తి దించింది.

"ఆటో దిగుతుంటే కామేశ్వరి గారు కనపడ్డారు," అంది ఆశాజ్యోతి. "నీ మాటతో మా కళ్ళు తెరుచుకున్నాయమ్మా, అన్నారు. చేతిలో సంచి చూపించారు. నాలుగు ప్యాకెట్లు." కొంచెం ఆగింది. "నా మాట విని ఒక్కళ్ళు కూడా పాలు మానలేదు అత్తయ్యా. మిమ్మల్ని మానేశారు."

"మరి మంచిదే గదా. దూడకి నాయం జరిగిపోనాది."

ఆశాజ్యోతి దెబ్బ తిన్నట్టు చూసింది.

"తిరుమలరావు సంగతి అలా అని ఉండకూడదు నేను. మీ కొడుకు తోలని. అది... అది తప్పు."

"అనీసినావు. అది పోదు. ఆడు పడుకుంటే ఈపు సూడ్డం మానీసినాను నాను." గౌరీశ్వరి అప్పుడు తలెత్తింది. ఇప్పుడు పాఠం మొదలవుతుంది అనుకుంది. ఈ చదువుకున్న పిల్లలు ముందు తగ్గుతారు, తర్వాత మొదలెడతారు. ఫోన్ తీస్తుంది, బొమ్మలు చూపిస్తుంది, అయినా కూడా అత్తయ్యా అంటుంది. గౌరీశ్వరి నాలుక మీద జవాబులు సిద్ధంగా పెట్టుకుంది. నువ్వు తొడుక్కున్న చెప్పులేంటి? నీ జీతం ఎవరి రక్తం? మొన్న మొన్నటిదాకా నువ్వు తిన్నది ఏటి?

ఆశాజ్యోతి గంగని చూస్తూ అడిగింది.

"పేరేంటి అత్తయ్యా దానికి?"

"గంగ. తెల్దేటి నీకు?"

"గంగ కాదు. దూడకి."

గౌరీశ్వరి చెయ్యి గుడ్డ మీద ఆగింది. సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఇది లేదు.

"పోతుదూడకి పేరెవలెడతారే?" అంది. గుడ్డ నీళ్ళలో ముంచింది. పిండింది. "పేరని కాదు. నల్లోడా, నల్లోడా, అనీదాన్ని."

"ఎలా పోయాడు?"

"జొరం."

ఆ మాట ఎప్పుడూ నోటి చివరే ఉంటుంది. పశువైద్యుడికీ, పొరుగువాళ్ళకీ, మొగుడికీ అదే. పోతుదూడలన్నీ జ్వరంతోనే పోతాయి. ఆశాజ్యోతి తలూపలేదు. కాదనలేదు. కనుబొమ్మ కూడా ఎత్తలేదు. ఆ పిల్లకి తెలుసు, గౌరీశ్వరికి ఆ సంగతి అర్థమైంది. తెలిసి కూడా, తెలిసినట్టు మొహం పెట్టకుండా కూర్చుంది. ఎదురుగా దెబ్బలాడే మనిషి లేకపోతే అబద్ధం ఎంతసేపని నిలబడుతుంది? పాకలో ఈగల మోత. గంగ ఊపిరి. ప్లాంటు వైపునుంచి ఎక్కడో ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు.

"జొరం కాదు," అంది గౌరీశ్వరి.

గుడ్డ పక్కన పెట్టింది. తర్వాత ఆగకుండా చెప్పింది, గేదె పొట్టతో చెబుతున్నట్టు.

"పెయ్యయితే ఒక సన్ను ఒగ్గుతాం. రేపు అది పాలిస్తాది గదా. పోతుదూడ ఏటి సేత్తాది? దున్నడానికి బూముందేటి మనకి? ప్లాంటు కిందకెలిపోనాది. నాలుగు సప్పరింపులు, సేపొచ్చిందా, లాగి కట్టీడం. మళ్ళీ సాయంత్రం నాలుగు సప్పరింపులు. ఎండుగడ్డి ఎట్టినాను. నెల తిరగని పిల్లడు గడ్డేటి తింటాడు? అరిసీవోడు. తర్వాత అరుపు సగంలో ఆపీసీవోడు. తర్వాత నిలబడ్డం మానీసినాడు. లాక్కెల్లి సన్ను కాడ ఎడితే నోరు తెరిసీ ఓపిక నేదు. నాను సూసినాను. రోజూ సూసినాను. తపేలా నిండా పాలు నా సేతిలోనే ఉన్నాయి." ఆమె గొంతు మారలేదు. "మేం సంపనేదమ్మా. సంపనేదు. బతకనియ్యనేదు."

ఆశాజ్యోతి రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని బిగించింది. ఆ పిల్ల నోట్లో ఎన్ని మాటలున్నాయో గౌరీశ్వరికి కనపడుతూనే ఉంది. ఒక్కటీ బయటికి రాలేదు. చివరికి అడిగింది.

"ఇది ఎవరితోనైనా అన్నారా?"

"ఎవలితో అంటాను? మీ మావతోనా? పాలు తాగీవోళ్ళతోనా?"

* * *

ఎల్లాజీ రేపు వస్తాడని విని ఆశాజ్యోతి ఫోన్ తీసి తన వాళ్ళందరికీ రాసింది. పశువుల కోసం బీచ్‌లో అట్టలు పట్టుకుని నిలబడే స్నేహితులు ఉన్నారు ఆ పిల్లకి. గేదెకి ఎక్కడైనా చోటు దొరుకుతుందా అని అడిగింది. వెంటనే జవాబులొచ్చాయి. ఏడుపు బొమ్మలు. విరిగిన గుండె బొమ్మలు. ఆవైతే ఒకచోట అడిగి చూడొచ్చు, అని ఒకతను. గేదెని పెట్టుకునే వాళ్ళెవరూ లేరు, అని ఇంకొకామె. మీ అత్తగారిని మార్చండి, అని మూడో మనిషి. ఆశాజ్యోతి అది చదివి ఫోన్ బోర్లా పెట్టేసింది.

"పాలు తీయకపోతే ఏమవుతుంది?"

"గడ్డకట్టీసి పొదుగు పోతాది. ఇప్పటికే జొరం కాస్తంది దీనికి. ఇది నిజం జొరమే." గౌరీశ్వరి గంగ చెవి పట్టి చూసింది. "సేపాల. సేపకుండా పిండితే రక్తం వస్తాది."

"ఆ దూడని పెడితే?"

"నాను ఎట్టను. నా వల్ల కాదు. గడ్డి తిన్నాది తల్లీ, దాని పొట్టలోది..."

ఆశాజ్యోతి ఆ మాట పూర్తిగా విన్నది. విని లేచింది. చున్నీ నడుముకి చుట్టుకుని పాక వెనక్కి వెళ్ళింది. ఖాళీ తోలుని రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి దాన్ని కింద పెట్టి, గోడ అవతలికి వెళ్ళి వాంతి చేసుకుంది. నీళ్ళతో నోరు పుక్కిలించి మళ్ళీ వచ్చింది.

"పాత గుడ్డలుంటే ఇవ్వండత్తయ్యా. గడ్డి వద్దు. గోనె కుట్టే సూది ఉందా?"

గౌరీశ్వరి ఆ పిల్ల మొహంలోకి చూసింది. అడగాలనుకున్నది అడగలేదు. ఇంట్లోకి వెళ్ళి, చిరిగిన నేత చీరలు రెండు, దబ్బనం, దారం తెచ్చి ఇచ్చింది.

రోజంతా మనుషుల చేతుల్లోకి, నరం వెతుక్కుని, నొప్పి తెలియకుండా సూది దించే పిల్ల. ఇక్కడ దబ్బనం రెండుసార్లు తన వేలికే గుచ్చుకుంది. చీరల్ని మెత్తగా మడిచి, పక్కటెముకలు ఉండే చోట పక్కటెముకలంత మందాన, పొట్ట ఉండే చోట పొట్టంత, సర్దింది. అంచులు దగ్గరికి లాగి కుట్టింది. కుడుతున్నంతసేపూ కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. గౌరీశ్వరి దగ్గరికి వచ్చి, కొంగుతో తుడిచి, మళ్ళీ వెళ్ళి పొదుగు పక్కన కూర్చుంది.

కర్రముక్కల్లో ఒకటి విరిగిపోయింది. గడ్డి దూడ నిలబడలేదు. ఇంక గడ్డి దూడ కూడా కాదు అది. ఆశాజ్యోతి మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని తన ఒడికి ఆనించి పట్టుకుంది. ఉప్పునీళ్ళు తనే జల్లింది.

గంగ వాసన చూసింది. గుడ్డ వాసన, మనిషి వాసన, వీటి కింద ఎక్కడో తన వాసన. నాకడం మొదలుపెట్టింది. దూడ మెడ నాకింది. మెడ పట్టుకున్న ఆశాజ్యోతి చెయ్యి నాకింది. తేడా చూపించలేదు. గరుకు నాలుక వేళ్ళ మీదుగా మణికట్టు దాకా వెళ్ళి వచ్చింది. ఆ పిల్ల చెయ్యి తీయలేదు. వంగి గేదె చెవిలో ఏదో అంటోంది. గౌరీశ్వరికి వినపడలేదు. తనతో అన్నది కాదు కాబట్టి అడగలేదు.

పొదుగు మెత్తబడింది. ముందు గడ్డలు గడ్డలుగా, తర్వాత నీళ్ళగా, తర్వాత పాలు. గంగ పొట్టలోంచి పెద్ద ఊపిరి ఒకటి బయటికొచ్చింది. ఈసారి గౌరీశ్వరి నుదురు ఆనించలేదు. కళ్ళు తెరిచి, తన ఎదురుగా ఉన్నదంతా చూస్తూ పిండింది.

* * *

ఎల్లాజీ పొద్దున్నే వచ్చాడు. వెనక చిన్న లారీ. రాత్రి తిరిగొచ్చిన అప్పలసూరి అరుగు మీద తలగోక్కుంటూ నిలబడ్డాడు.

"ఇవ్వం బాబూ," అంది గౌరీశ్వరి. చేతిలో తపేలా ఉంది.

"అదేటి బావా, రమ్మన్నావు గదా?" ఎల్లాజీ అప్పలసూరి వైపు తిరిగాడు. "బండి కట్టించుకుని వచ్చినాను."

"నన్నేటి సూస్తావురా? అక్కడ సూడు. ఇంటి పెత్తనం ఎవలిదో తెల్దేటి?"

ఎల్లాజీ కాసేపు నవ్వి, కాసేపు గొణిగి వెళ్ళిపోయాడు. లారీ మలుపు తిరిగేదాకా అప్పలసూరి ఆగాడు.

"ఎన్నాళ్ళు సూపిత్తావే ఆ బొమ్మ?"

"సేపినన్నాళ్ళు సేపుతాది. మానీసిన్నాడు మానీసింది. పాకలో పడుంటాది. ముసిల్దాన్ని, నాను పడి లేనేటి?"

"దానికి తిండి?"

"నాకెట్టడం నేదేటి నువ్వు?"

మెట్ల మీద కూర్చుని ఆశాజ్యోతి నల్లటీ తాగుతోంది. నవ్వు ఆపుకోడానికి గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది. గౌరీశ్వరి సుక్క దగ్గరికి వెళ్ళింది. నిండు చూలు. పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల ఒక డెక్క తోసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, ఎవరి వైపూ చూడకుండా అంది.

"ఇదిగో, ఇప్పుడే సెప్తన్నాను. సుక్క ఈనితే ఈ పాలి రెండు సన్నులు దూడకే. పెయ్యయినా, పోతయినా."

"రెండా!" అప్పలసూరి బీడీ పారేశాడు. "తిక్కగాని పట్టిందేటే నీకు? మిగిలింది ఎంతని, ఎవలికి పోస్తావు?"

"ఉన్నోళ్ళకి పోస్తాను. నేకపోతే నేదు."

అప్పలసూరి చేతులు విసురుకుంటూ లోపలికి పోయాడు. గౌరీశ్వరి అప్పుడు కోడలి వైపు తిరిగింది. చూసింది. వస్తుంది, అనుకుంది. ఆ పిల్ల కళ్ళలో అది కనపడుతోంది, గొంతు దాకా వచ్చింది. మరి మిగతా రెండూ? అంటుంది. అననీ. అంటే చెప్పడానికి గౌరీశ్వరి దగ్గర చాలా ఉంది. ఎంత ఇచ్చినా చాలదే మీలాంటోళ్ళకి, అంటుంది. నా బతుకు నీకేటి తెలుసు, అంటుంది. ఓ గంట దెబ్బలాడుకుంటారు. మనసు తేలికపడుతుంది.

ఆశాజ్యోతి టీ చివరి గుక్క మింగింది. గ్లాసు మెట్టు మీద పెట్టింది.

"నీళ్ళు నేను పడతానత్తయ్యా," అంది. బకెట్ తీసుకుని కుళాయి వైపు వెళ్ళింది.

గౌరీశ్వరి సుక్క పక్కన నిలబడే ఉంది. కుళాయి కింద బకెట్ నిండుతున్న చప్పుడు వింది. ఆ పిల్ల అని ఉంటే బాగుండేది. అననిదానికి జవాబు చెప్పడం కుదరదు. ఆమె వంగి సుక్క పొదుగు తడిమింది. ఇంకా పాలు పట్టని, చల్లటి, మెత్తటి పొదుగు. ఒక చన్ను. రెండో చన్ను. అక్కడ ఆగిపోదామనుకుంది. చెయ్యి ఆగలేదు, మూడోదాని మీదికి వెళ్ళింది.